గిటారుకు ఆ కడ్డీ ఎందుకు

ఎలక్ట్రిక్ గిటారు కొన్నవాళ్ళలో ఎక్కువమంది మొదటి వారంలోనే దాని కడ్డీని ఊడదీసి సంచి జేబులో వేస్తారు. తీగలు ఆనుకునే బ్రిడ్జి దగ్గర మరలో బిగించే సన్నటి ఉక్కు కడ్డీ అది. ట్రెమొలో బార్ అంటారు. కిందికి నొక్కితే తీగలన్నీ ఒక్కసారిగా వదులై స్వరం జారుతుంది. వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. కొంచెం కొంచెంగా ఆడిస్తే స్వరం వణుకుతుంది. కొనేటప్పుడు అది లేని గిటారు వద్దంటారు. కొన్నాక దాని జోలికి పోరు. అనంతపురం చుట్టుపక్కల గిటారు వాయించేవాళ్ళు నాకు తెలిసి పదిహేను మంది దాకా ఉంటారు. అందులో ఒకాయన ఆ కడ్డీని కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆనించి పెట్టుకునేవాడు. ఇంకొకాయన దానితో టీలో చక్కెర కలిపేవాడు. నిజంగా వాయించడానికి వాడిన మనిషి ఒక్కడే. ఆ మనిషిని నేనేం చేశానో చెప్పాలి.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. నాయన ఒకటి, అన్న ఒకటి నేసేవాళ్ళు. పదిహేడేళ్ళ దాకా నేనూ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాణ్ణే. తర్వాత అనంతపురంలో ఒక సారు దగ్గర గిటారు నేర్చుకొని, ఇరవై రెండో ఏట ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, జాతరలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యాన్‌లో పోయి సినిమా పాటలు వాయించడం మా పని. ఆర్కెస్ట్రా నడిపే ఆయన కీబోర్డు వాయిస్తాడు. అందరం మాస్టర్ అనేవాళ్ళం. పాట మధ్యలో గొంతు ఆగి గిటారు ఒక్కటే వినిపించే చోటును మేము బిట్టు అంటాం. ఆరేళ్ళ పాటు ఆ బిట్లన్నీ నావే. తప్పు లేకుండా వాయించేవాణ్ణి. నా గిటారు కడ్డీని కొన్న నాలుగో రోజే తీసేశాను. అది వాడితే శ్రుతి చెదురుతుందనీ, చేతకానివాడికే అది కావాలనీ మా సారు ఒకసారి అన్నాడు. ఆ మాటను నేను నా సొంత మాటలాగా ఆరేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను.

ఏడో ఏడు ఎండాకాలంలో మాస్టర్ ఒక మనిషిని ప్రాక్టీసుకు తీసుకొచ్చాడు. అనంతపురంలో ఒక పిండిమిషన్ మీది గదిలో మా ప్రాక్టీసు. మెట్లెక్కి వచ్చినాయనకు నలభై అయిదేళ్ళుంటాయి. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు, చేతిలో పాత గిటారు సంచి. కంబదూరు దగ్గర పల్లె, సేద్యం చేస్తాడు అని మాస్టర్ చెప్పాడు. అప్పటినుంచి మాకు ఆయన కంబదూరన్న. ఆయన చేతులు జోడించినప్పుడు చూశాను. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు సగానికి లేవు.

"చెనిక్కాయల మిషన్లో పోయినాయప్పా," అన్నాడు నా చూపు గమనించి. "మిగిలినేటివి చాల్లే." చెనిక్కాయలంటే మా వైపు వేరుశెనగ.

గిటారు మీద ఎడమచేతి వేళ్ళతోనే తీగలు అదమాలి. స్వరాన్ని సాగదీయాలంటే తీగను పక్కకు నెట్టాలి. అందుకు బలం ఉంగరం వేలిదే. ఆ వేలు లేనివాడు ఏం వాయిస్తాడని లోలోపల నవ్వుకున్నాను.

ఆయన గిటారు తీశాడు. రంగు పోయి, మూలలు చెక్కులు లేచి ఉంది. కడ్డీ మాత్రం తళతళమంటోంది, రోజూ చెయ్యి తగిలే చోటు మెరిసినట్టు. ఒక పాత పాట బిట్టు మొదలుపెట్టాడు. ఎడమచేతి రెండు వేళ్ళే తీగల మీద నడుస్తున్నాయి. మేమైతే తీగను నెట్టే చోట ఆయన కుడిచేతి చిటికెన వేలితో కడ్డీని పట్టి, నొక్కి, మెల్లగా వదిలాడు. సన్నాయి ఊదే ఆయన ఊపిరి బిగబట్టి వదిలితే ఎలా జారుతుందో స్వరం అలా జారింది. చివరి స్వరం దగ్గర కడ్డీని వణికించాడు. కింద పిండిమిషన్ ఆడుతూనే ఉంది, అయినా గదిలో ఎవరూ కదల్లేదు. మాస్టర్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాకు ఆ క్షణంలోనే కడుపు మండింది. ఇన్నేళ్ళ తర్వాత దాచడం ఎందుకు. బాగుందని తెలిసే మండింది.

పామిడిలో ఒక పెళ్ళికి ఆయన మొదటిసారి మాతో వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయన బిట్టు వచ్చేసరికి మొదటి పంక్తిలో ఒక ముసలామె ముద్ద ఎత్తిన చెయ్యి అలాగే పట్టుకొని వేదిక వైపు చూసింది. ఆరేళ్ళలో నా వాయింపుకు ఎవరూ ముద్ద ఆపలేదు. తిరుగు ప్రయాణంలో మాస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి, "మెలోడీ బిట్లు ఆయప్పకి ఇచ్చేద్దాం. నువ్వు వెనకాల రిథమ్ పట్టుకో," అన్నాడు. అడిగినట్టు కాదు, చెప్పినట్టే అన్నాడు.

కంబదూరన్నకు నా మీద ఏ అనుమానమూ లేదు. పైగా నేనంటే ఇష్టం. వ్యాన్ దొరకనప్పుడు ఎక్కే బస్సులో నా పక్కనే కూర్చునేవాడు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక హోటల్లో స్పీకర్లు మోసే పనికి చేరి, అక్కడ వారానికొకసారి వచ్చే బ్యాండు వాళ్ళను చూసి గిటారు నేర్చుకున్నాడట. నాయన చనిపోతే ఊరికి వచ్చి సేద్యంలో దిగాడు. నాలుగు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడలేదు.

"నాలుగోది ఏసినప్పుడు తడిమట్టి గూడా రాలేదప్పా," అన్నాడు ఒకసారి కళ్యాణదుర్గం దారిలో. "ఉత్త దుమ్ము లేసింది. నా పెండ్లాము ఆ దుమ్ములోనే నిలబడుకోని ఉండాది. కొంగు గూడా కప్పుకోలా. తెల్లగా అయిపాయె మనిషి. ఆ పొద్దునుంచి మాకు బోరు అనే మాట ఇంట్లో లేదు."

నేను తల ఊపాను. ఆ మాటను మనసులో పెట్టుకున్నాను.

ఒకరోజు ప్రాక్టీసులో కడ్డీ గురించి నేనే మొదలుపెట్టాను. ఫోన్లో నాలుగైదు వీడియోలు చూపించాను. పేరున్న గిటారిస్టులు, కడ్డీ పీకేసి వాయిస్తున్నవాళ్ళు. "చూడన్నా, పెద్దోళ్ళెవురూ దీన్ని వాడరు. ఇది ఉత్త అలంకారం," అన్నాను.

కంబదూరన్న ఫోన్ దగ్గరికి లాక్కొని ఓపికగా అన్నీ చూశాడు. "నిజమేప్పా. బాగా వాయిస్తాండారు," అని ఫోన్ తిరిగిచ్చాడు. "వాళ్ళకి అయిదు వేళ్ళూ ఉండాయి కదా."

గదిలో అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారనిపించింది. ఆయన నన్ను దెబ్బ తీయాలని అనలేదు, ఉన్నమాట అన్నాడు. నాకు మాత్రం అది దెబ్బే.

ఆ వారమే కుందుర్పి పోతుంటే దారిలో ఒక చేతిపంపు కనిపించింది. మా వైపు దాన్ని బోరింగు అంటారు. ఒకామె బిందె పెట్టి పిడిని పైకీ కిందికీ కొడుతోంది, నీళ్ళు రావడం లేదు. నేను వ్యాన్‌లో వెనక్కి తిరిగి, "మన అన్న వాయించేది గిటారు కాదబ్బా, బోరింగు. కొడతాండడమే, నీళ్ళు రావు," అన్నాను.

వ్యాన్ అంతా గొల్లుమంది. డ్రమ్స్ వాయించేవాడు కడ్డీ నొక్కుతున్నట్టు చెయ్యి ఆడిస్తూ కీచు కీచుమని నోటితో శబ్దం చేశాడు. కంబదూరన్న కూడా నవ్వాడు. నవ్వి, నా వైపు ఒకసారి చూసి, కిటికీ బయటికి తిరిగాడు. నాలుగు బోర్ల సంగతి ఆ వ్యాన్‌లో నాకొక్కడికే తెలుసు. తెలిసే అన్నాను. ఆయనకు అది అర్థమైందని ఆ చూపులో తెలిసింది. 

ఆ పేరు నిలిచిపోయింది. "బోరింగన్న వచ్చినాడా?" "బోరింగన్నకి టీ ఇయ్యండి." మైకులవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఆయన పలికేవాడు. బస్సులో మాత్రం నా పక్కన కూర్చోవడం మానేశాడు.

నేను చెప్పిన వాటిలో ఒకటి మాత్రం అబద్ధం కాదు. కడ్డీ వాడితే శ్రుతి పోతుంది. ఎండకు ఇంకా తొందరగా పోతుంది. ఆయన తీగలు ఆనే గాడుల్లో పెన్సిలు ముల్లు రుద్దేవాడు, తీగ జారి తన చోటికి తిరిగి రావాలని. పాటకూ పాటకూ మధ్య తల వంచి మరలు తిప్పుకునేవాడు. మాస్టర్ గడియారం చూసేవాడు. కుందుర్పి దగ్గర ఒక పల్లె జాతరలో, మిట్టమధ్యాహ్నం, ఆయన తీగ ఒకటి తెగింది. కడ్డీ ఉన్న గిటారులో బ్రిడ్జిని ఒకవైపు తీగలు, ఇంకోవైపు స్ప్రింగులు లాగుతూ ఉంటాయి. ఒక తీగ తెగితే మిగతా తీగలన్నీ బిగుసుకొని శ్రుతి తప్పుతాయి. పాట మధ్యలో ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. మాస్టర్ మైకులో క్షమించమని అడగాల్సి వచ్చింది.

వ్యాన్ ఎక్కేముందు మాస్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు రిపేరీలు తెలిసినోడివి కదా. ఆయప్ప గిటారు శ్రుతి నిలబడేటట్ల ఏమన్నా చెయ్యి."

"చేస్తా మాస్టర్. ఇంగ కదలదు," అన్నాను.

కంబదూరన్న గిటారు నా చేతికిచ్చేటప్పుడు ఒకటే చెప్పాడు. "ఆ గాడుల్లో పెన్సిలు పొడి ఉండాది. తుడవాకప్పా."

తర్వాతి ప్రోగ్రామ్ కళ్యాణదుర్గంలో పెళ్ళి. పెళ్ళికొడుకు కంబదూరన్న భార్యకు అక్క కొడుకు. ఆర్కెస్ట్రాను మాట్లాడింది కూడా ఈయన మాట మీదనే. వాళ్ళ బంధువులు ఎవరూ ఈయన వేదిక మీద వాయించగా చూడలేదు. భార్య కూడా చూడలేదు. "బోర్లకి దుడ్లు పోసినట్ల గిటారుకి గూడా పోసినాడు అంటారప్పా మావోళ్ళు. ఈసారి ఇంటారు," అని మాస్టర్‌తో అంటుంటే నేను పక్కనే ఉన్నాను.

గిటారును ధర్మవరం తీసుకుపోయి, ఇంట్లో వెనక పలక విప్పాను. లోపల స్ప్రింగుల పక్కన ఒక ఇనప దిమ్మ ఉంటుంది. కడ్డీ నొక్కినప్పుడు కదిలేది అదే. ఆ దిమ్మకూ చెక్కకూ మధ్య ఉన్న సందులో గట్టి కొయ్యముక్క ఒకటి బిగిస్తే బ్రిడ్జి ఇక కదలదు. శ్రుతి నిలబడుతుంది. కడ్డీ కూడా పనిచేయదు. చాలామంది అలా చేయించుకుంటారు. అది తప్పు పని కాదు, గిటారు సొంతదారుకు చెప్పి చేస్తే.

పాత మగ్గం చెక్క ఒకటి తీసుకొని సైజుకు చెక్కుతుంటే నాయన తన మగ్గం మీది నుంచి తల తిప్పాడు.

"ఎవురి సామానురా అది?"

"మాతో వాయించే ఆయనది."

"ఏం చేస్తాండావు దానికి?"

చెప్పాను. నాయనకు గిటారు గురించి తెలియదు గానీ, కదిలేదాన్ని కదలకుండా చేయడం అంటే ఏమిటో తెలుసు. "ఆయప్పకి చెప్పినావా?" అన్నాడు.

"చెప్తా."

"ఒగరి మగ్గం ముట్టుకునే ముందర చెప్పల్ల. ముట్టుకున్నంక కాదు," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

నేను కొయ్యముక్కను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి బిగించాను. పలక మూశాను. కడ్డీని మాత్రం మామూలుగానే దాని చోట బిగించి పెట్టాను. కడ్డీ తీసేసి ఉంటే ఆయనకు చూడగానే తెలిసేది. నేను అందుకే తీయలేదు.

పెళ్ళినాడు ఆయన బంధువుల పనుల్లో ఉండి మండపంలో వేదిక దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. కొత్త పంచె, ఇస్త్రీ చొక్కా. నేను అప్పటికే ఆయన గిటారును శ్రుతి చేసి, వైరు తగిలించి పెట్టాను.

"ఏం చేసినావప్పా?" అని అడిగాడు పట్టీ భుజానికి వేసుకుంటూ.

"స్ప్రింగులు బిగించినా అన్నా. ఇంగ శ్రుతి పోదు."

"సల్లగుండు," అన్నాడు. తీగలు ఒకసారి మీటి చూసుకున్నాడు. శ్రుతి నిక్కచ్చిగా ఉంది. నా వైపు చూసి నవ్వాడు. చాలా రోజుల తర్వాత నన్ను చూసి నవ్వడం అదే. అంతలో మాస్టర్ మొదటి పాట ఎత్తుకున్నాడు.

మొదటి రెండు పాటల్లో ఆయనకు బిట్టు లేదు. మూడో పాటకు మండపం నిండిపోయింది. మూడు నాలుగు వందల మంది ఉంటారు. ఆయన భార్య ముందు వరుసలో, బంధువుల ఆడవాళ్ళ మధ్య కూర్చొని ఉంది. సన్నగా, ఎండకు నల్లబడిన మనిషి. ఎవరో చేత్తో ఆయన్ని చూపిస్తే ఆమె తల వంచుకొని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సంతోషం దాచుకునే మనిషిలా ఉంది.

బిట్టు వచ్చింది. ఆయన మొదటి స్వరం మీటి చిటికెన వేలితో కడ్డీ నొక్కాడు. స్వరం జారలేదు. మొద్దుగా, కొట్టిన చోటే నిలబడింది. మళ్ళీ నొక్కాడు. లేదు. ఆయన కడ్డీ వైపు చూసి, స్పీకర్ వైపు చూసి, మళ్ళీ కడ్డీ వైపు చూశాడు. పాట ఆగదు, డ్రమ్స్ నడుస్తూనే ఉన్నాయి. మూడోసారి అరచేతితో బలంగా అదిమాడు. కడ్డీ మర దగ్గర పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చేసింది.

అంతమంది ముందు ఒక చేతిలో గిటారు మెడ, ఇంకో చేతిలో విరిగిన కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు.

నా ముందు కోరస్ మైకు ఉంది. అది ఆన్‌లో ఉందని నాకు తెలుసు. "బోరింగు పిడి ఊడొచ్చిందబ్బా," అన్నాను.

గట్టిగా అనలేదు. అనాల్సిన పని లేదు, మైకు ఉంది కదా. మండపం నవ్వుతో పగిలిపోయింది. ఆ చేతిలోని కడ్డీ అచ్చం చేతిపంపు పిడిలాగే ఉంది. మగవాళ్ళు తొడలు కొట్టుకొని నవ్వారు. కుర్చీల మధ్య ఫోన్లు లేచాయి. ఆయన బావమరది వరసాయన ఒకడు వెనక నుంచి, "అయిదో బోరు గూడా పాయె," అని అరిచాడు. అది విని బంధువులంతా ఇంకా నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. లేచి పోనూలేదు. తలెత్తి మొగుడి వైపే చూస్తూ కూర్చుంది.

ఆయన కడ్డీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన బిట్టును రెండు వేళ్ళతో, ఏ జారుడూ లేకుండా, పలక మీద అక్షరాలు దిద్దినట్టు పూర్తి చేశాడు. ఒకచోట అలవాటు కొద్దీ తీగను నెట్టబోయి, లేని వేలి మొండి తీగకు ఆనిస్తే అది జారిపోయింది. ఆ తర్వాతి పాటలూ అలాగే వాయించాడు. మధ్యలో వదిలేసి పోలేదు.

భోజనాల వేళ ఆయన వేదిక వెనక కింద కూర్చొని వెనక పలక విప్పుతున్నాడు. నేను పోకుండా ఉండాల్సింది. వెళ్ళాను. కొయ్యముక్కను బయటికి తీసి అరచేతిలో పెట్టుకొని చూశాడు.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"మాస్టర్ శ్రుతి నిలబడాలన్నాడు."

"చెప్పింటే?"

"చెప్పింటే నువ్వు ఒప్పుకుంటాంటివా?"

"ఒప్పుకోను. ఈ పొద్దు రాకుండా ఉంటాంటి. అంతే కదా." కొయ్యముక్కను నా చేతిలో పెట్టాడు. "మీటి చూసుకుంటి గానీ కడ్డీ నొక్కి చూసుకోలా. నువ్వు చేసినావు కదా అని."

అన్నం తినకుండానే భార్యను వెంటబెట్టుకొని బస్టాండుకు నడిచిపోయాడు.

ఎవరో తీసిన వీడియో రెండు రోజుల్లో కంబదూరు చేరింది. నా మాట అందులో స్పష్టంగా వినిపిస్తుంది. టీ బంకుల దగ్గర పెట్టుకొని చూశారని, ఆయన పొలానికి పోతుంటే "అన్నా, పిడి అతికించినావా?" అని అడిగేవాళ్ళని డ్రమ్స్ వాయించేవాడు చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. కంబదూరన్న మళ్ళీ ప్రాక్టీసుకు రాలేదు. మాస్టర్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిట్లన్నీ మళ్ళీ నాకొచ్చాయి. అయిదు వేళ్ళతో, శ్రుతి తప్పకుండా వాయించాను. జనం తిన్నారు, మాట్లాడుకున్నారు, ఫోన్లు చూసుకున్నారు.

నాలుగు నెలలు అలా గడిచాయి. నన్ను నిద్ర పోనివ్వనంత బాధ ఏమీ లేదు. అబద్ధం చెప్పను. కానీ ఒక ప్రోగ్రామ్‌లో ఎవరో, "ఆ రెండు వేళ్ళాయన రాలేదేమప్పా?" అని అడిగారు. తర్వాతి ఊళ్ళో ఇంకొకరు అడిగారు. ప్రతి ఊళ్ళోనూ అడుగుతూనే ఉన్నారు. చివరికి ఒక ఆదివారం కంబదూరు బస్సెక్కాను.

చెనిక్కాయలు పీకే కాలం. ఆ ఏడు వాన చాలక చెట్టుకు నాలుగైదు కాయలకు మించి లేవు. ఆయన భార్య ఇంటి ముందు కూర్చొని చెట్ల నుంచి కాయలు తుంచి గంపలో వేస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు. "ఈయప్ప వచ్చినాడు," అని మాత్రం ఇంట్లోకి వినపడేలా అంది.

ఆయన బయటికి వచ్చాడు. నేను నిలబడే, "తప్పయిపోయిందన్నా," అన్నాను.

"ఆ పొద్దు ఎంతమంది ముందర అన్నావు?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే లెక్క చెప్పాడు.

"నాన్నూరు మంది ఉంటారు. ఇప్పుడు ఈడ ముగ్గురమే ఉండాం," అని ఇంట్లోకి పోయి గిటారు తీసుకొచ్చాడు. దానికి కొత్త కడ్డీ ఉంది. విరిగి లోపల ఇరుక్కున్న ముక్కను కళ్యాణదుర్గంలో ఒక లేతు మిషన్ ఆయన తీసి, ఉక్కు కడ్డీకి మర కోసి ఇచ్చాడట. "రాప్పా," అన్నాడు.

ఊరి భజన గుడి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి మైకు సెట్టుకు గిటారు వైరు తగిలించాడు. మధ్యాహ్నం మూడు గంటలు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు, పొలాల నుంచి వచ్చినవాళ్ళు, ఇరవై ముప్పై మంది చేరారు. ఆయన భార్య కూడా వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడింది.

"ఈయప్ప ధర్మవరం. పెద్ద గిటారిస్టు. మీరు వీడియోలో విన్న మాట ఈయప్పదే," అని అందరికీ చెప్పాడు. తర్వాత తువ్వాలు అంచు చింపి, నా ఎడమచెయ్యి పట్టుకొని, ఉంగరం వేలినీ చిటికెన వేలినీ మడిచి అరచేతికి గట్టిగా కట్టేశాడు. నొప్పి పుట్టేంత బిగించాడు. "ఇప్పుడు ఆ బిట్టు వాయించు. కడ్డీ ఉండాది కదా, వాడుకో."

వాయించాను. రెండు వేళ్ళు తీగలను అందుకోలేకపోయాయి. కడ్డీని ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో నాకు తెలియదు. ఏడేళ్ళుగా దాన్ని వెక్కిరించానే గానీ ఒక్కసారీ వాడి చూడలేదు. స్వరం గాడిద ఓండ్రపెట్టినట్టు పైకి పోయి కింద పడింది. జనం నవ్వారు. ఒకాయన ఫోన్ పైకెత్తాడు.

"ఫోనొద్దు," అన్నాడు కంబదూరన్న. "మన ఊర్లో చూసింది మన ఊర్లోనే ఉండనీ."

ఫోన్ దిగింది. నేను ఆగాను.

"ఇంగొగసారి వాయించమను," అంది ఆయన భార్య స్తంభం దగ్గర నుంచి.

మళ్ళీ వాయించాను. ఇంకా అధ్వానంగా వచ్చింది. ఈసారి నవ్వు తగ్గింది, చూడలేక కొందరు పక్కకు తిరిగారు. ఆమె మాత్రం రెప్ప వేయకుండా చూసి, "ఇంగొగసారి," అంది. మూడోసారీ వాయించాను. ఎవరూ నవ్వలేదు. ఆమె వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆయన నా చేతి కట్టు విప్పాడు. గిటారు తీసుకొని అదే బిట్టు ఒకసారి వాయించాడు. నాకోసం వాయించలేదు, అక్కడున్నవాళ్ళ కోసం వాయించాడు. చివరి స్వరం వణికి ఆగిపోయాక వైరు చుట్టసాగాడు.

"మన్నించినావా అన్నా?" అని అడిగాను.

"లేదు," అన్నాడు వైరు చుడుతూనే. "నాలుగున్నరకి బస్సు ఉండాది. ఇంగోసారి రావాకు."

రెండు నెలల తర్వాత మాస్టర్ ఫోన్ చేశాడు. కంబదూరన్న తిరిగి రావడానికి ఒప్పుకున్నాడని, ఒక షరతు పెట్టాడని చెప్పాడు. "నువ్వుంటే రాడంట. నాకు ఆయప్ప కావల్ల."

"ఆ పొద్దు చెయ్యమనింది నువ్వే కదా మాస్టర్."

"నేను శ్రుతి చూడమన్నా. మైకులో మాట్లాడమన్నానా?" అని ఫోన్ పెట్టేశాడు.

కంబదూరన్న ఇప్పుడు అదే ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడు. ఆయన భార్య అప్పుడప్పుడూ వ్యాన్‌లో కూడా వస్తుందని, మా డ్రమ్స్ అతను కూడా ఇప్పుడు ఆయన్ని అన్నా అని మాత్రమే పిలుస్తాడని విన్నాను. నన్ను వేరే ఆర్కెస్ట్రావాళ్ళు ఒకరిద్దరు పిలిచినట్టే పిలిచి, సంగతి తెలిశాక మళ్ళీ మాట్లాడలేదు. నాయనకు చూపు మందగించింది. ఒక సోమవారం పొద్దున ఆయన మగ్గం గుంతలో నేను దిగి కూర్చున్నాను.  నాయన పక్కన పీట వేసుకొని కూర్చొని, వంగి నా చేతులు చూసి, "ఎడమ చెయ్యి బిగబట్టాకు, పోగు తెగుతాది," అన్నాడు.